మా పాఠాల ఫైలు మీ లెక్కలోకి ఎందుకు రాదు?

బార్కస్, సలాలా, చాంద్రాయణగుట్ట వైపు పిల్లలకు డిగ్రీలో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా, ఉన్నత విద్యను నడిపే మిమ్మల్ని అడుగుతున్నాను. తాను చెప్పిన పాఠం గురించి అధ్యాపకుడు ఆ పూటే రాసుకున్న నాలుగు మాటల కన్నా బోధనకు పెద్ద సాక్ష్యం ఏముంది? దాన్ని చిత్తు కాగితం కింద జమకట్టే హక్కు మీకెవరిచ్చారు?

నేను చెబుతున్నది సాదా టెక్స్ట్ ఫైలు గురించి. రంగులుండవు, గళ్లుండవు. పైన చెప్పబోయే పాఠం ప్రణాళిక, కింద క్లాసులో నిజంగా జరిగింది. క్షీణోపాంత ప్రయోజన సూత్రం దగ్గర నా ఫైలులో ఇలా ఉంది: 'గ్రాఫు ముందు గీశాను, వెనక బెంచీలకు ఎక్కలేదు. బార్కస్ జామకాయలతో చెప్పాక అందుకున్నారు. మొదటి కాయ అమృతం, నాలుగో కాయకు మొహం మొత్తుతుంది. వచ్చేసారి కాయలు ముందు, పట్టిక తర్వాత, గ్రాఫు చివర.' మరుసటి ఏడాది ఆ పాఠం జామకాయతోనే మొదలైంది. ఏ శిక్షణ శిబిరం నేర్పింది నాకిది?

పాఠం తయారీకి ఎప్పుడూ ఈ చిన్నచూపు లేదు. ఇదే హైదరాబాద్ నగరంలో 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలో పాఠాలు చెప్పాలంటే పుస్తకాలు కావాలి, పారిభాషిక పదాలు కావాలి. పండితులు కూర్చొని ఒక్కో పదం మీద తర్జనభర్జన పడ్డారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, తెలుగు మాధ్యమానికీ ఆ చాకిరీ జరిగింది. పాఠం సిద్ధం చేయడం కూడా పాండిత్యమేనని ఏలినవారు ఒప్పుకున్న కాలమది. ఇవాళో? నిరుటి యాన్యువల్ కరిక్యులర్ ప్లాన్‌లో తేదీలు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి, సంతకం పెట్టిస్తే చాలు. టీచింగ్ డైరీలో ప్రతి గడీ నిండాలి. ఏ పాఠం బోల్తా పడిందో, ఎందుకు పడిందో రాయడానికి మాత్రం అందులో గడి ఉండదు!

ఇంకో ఘోరం చూడండి. ఒకప్పుడు అను వంటి ఫాంట్లలో టైపు చేయించిన నోట్సు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు. ఏళ్ల తరబడి చేసిన పని అలా మట్టిపాలైంది. యూనికోడ్‌లో రాసిన సాదా టెక్స్టుకు ఆ గతి పట్టదు. ఏ కంపెనీ మూతపడినా అది తెరుచుకుంటుంది. తెలుగు వాక్యం పక్కనే ఉర్దూ మాట ఒదుగుతుంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల, ఇవాళ ఉర్దూ మాట్లాడే మునిమనవలు కూర్చునే తరగతికి అది ఎంత అవసరమో మీకు తెలుసా? యూనికోడ్‌ను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. లక్ష సంకేతాల నోట్సు 3 లక్షల బైట్లే, ఫోన్‌లో తీసే ఫొటో కన్నా తక్కువ. పైసా ఖర్చు లేదు.

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ 2003లో సాదా టెక్స్టులోనే నోట్సు, ప్రణాళికలు రాసుకునే ఆర్గ్ మోడ్‌ను తెచ్చాడు. 2004లో జాన్ గ్రూబర్ సాదా టెక్స్టుకే చిన్న గుర్తులతో రూపం కట్టే మార్క్‌డౌన్‌ను ఇచ్చాడు. ఈ పద్ధతికి ప్రపంచం అంత మర్యాద ఇస్తోంది. మనమేమో ఖరీదైన పోర్టళ్లు కొని, అధ్యాపకుడి చేత అవే వివరాలు మళ్లీ మళ్లీ ఎక్కిస్తున్నాం. ఒక్క పాఠమైనా బాగుపడిందా వాటివల్ల?

ఉన్నత విద్యను నడిపే పెద్దలారా, తనిఖీకి వచ్చినప్పుడు బైండింగు చూడకండి. ఫైలు తెరవమనండి, నిరుడు చెడిన పాఠం ఈ ఏడు ఎలా మారిందో అడగండి. ఆ రాతను బోధన అనుభవంగా లెక్కించండి, పదోన్నతి మార్కుల్లో చోటివ్వండి. దయచేసి దీనికీ ఒక ప్రొఫార్మా తయారు చేయకండి. 'ఇవాళ పాఠం చెడింది' అని నిజం రాసుకున్న మనిషికి మెమో ఇవ్వబోమని ముందుగా లిఖితపూర్వకంగా హామీ ఇవ్వండి.