బెలుంలో రాతిపై చేతులు వద్దు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు ఒకప్పుడు చెత్త పారబోసే చోటు. వాటిని శుభ్రం చేసి, దీపాలు పెట్టి, 2002లో జనానికి తెరిచిన పర్యాటక సంస్థను మెచ్చుకోవాల్సిందే. 3,229 మీటర్ల పొడవున్న ఈ గుహల గురించి 1884లోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. దాదాపు వందేళ్లకు జర్మన్ బృందం వచ్చి కొలతలు తీసింది.

లోపలి అందమంతా నీటి పనితనం. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు ఆ వాయువు విడిపోతుంది, పిసరంత సున్నం మిగులుతుంది. ఆ పిసరే పేరుకొని ఊడల్లా దిగుతుంది. వేలెడు పొడవు పెరగడానికి వందల ఏళ్లు పట్టవచ్చు. ఇలాంటి ఊడలున్న కోటిలింగాలు అనే గదిలో నిలబడ్డప్పుడు ఈ లెక్క గుర్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అలాంటి రాతిని తడమడం, పేర్లు చెక్కడం మానాలి. చేతి జిడ్డు అంటిన చోట కొత్త సున్నం సరిగా పట్టదు. బెలుం లోపలే ఉన్న సప్తస్వరాల గుహలో రాళ్లను తట్టి మోగించడం సరదాగానే ఉంటుంది, కానీ వచ్చిన ప్రతివారూ తడితే ఆ సన్నని రాళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి? అక్కడ తట్టడం పూర్తిగా ఆపించాలి. ఎడతెగని వెలుగుకు గోడలపై నాచు పడుతుంది కనుక, మనుషులు లేని చోట దీపాలు ఆరిపోయే ఏర్పాటు చేయాలి. గైడ్లకు భూగర్భ శాస్త్రంలో శిక్షణ ఇప్పించాలి. ఈ పనులకు టికెట్ల ఆదాయంలోంచే కొంత కేటాయించవచ్చు.