మంచాన పడితేనే సాయమా?

పోయిన నెల మా పిన్నిని చూద్దామని ఎమ్మిగనూరు వెళ్లాను. ఆదోని నుంచి బస్సులో గంట ప్రయాణం. పిన్నికి షుగరూ, బి.పి. రెండూ ఉన్నాయి. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న మోకాళ్లు సరేసరి. నేను వెళ్లేసరికి మందుల చీటీలూ, బిల్లులూ ఉన్న బిస్కెట్ల డబ్బా ముందేసుకుని కూర్చుంది.

"మాత్రలు సరిగ్గా ఏసుకుంటాండావా పిన్నీ?" అన్నాను.

"దినం ఇడిచి దినం ఏసుకుంటాండానమ్మా. అట్లయితే నెల మాత్రలు రెండు నెల్లొస్తాయి" అంది, అదేదో గొప్ప పొదుపు చేసినట్టు నవ్వుతూ.

"కార్డుంది కదా?"

"ఆ కార్డు ఆసుపత్రిలో పండుకుంటేనే పనికొస్తాదంట. నడిచి పోయినోళ్లకు ల్యాదంట."

పిన్ని రెండో క్లాసు దాటలేదు. కానీ మన ఆరోగ్య పథకాల్లోని అసలు లోటును ఒక్క ముక్కలో చెప్పేసింది.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. రాష్ట్రం విడిపోయాక ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019లో వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు ఎన్నిసార్లు మారినా పథకం నిలిచింది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. గుండె ఆపరేషన్లకూ, క్యాన్సరుకూ పొలాలు అమ్ముకోవలసిన ఎన్నో కుటుంబాలు ఈ పథకం వల్ల గట్టెక్కాయి. దాన్ని కాదనడం అన్యాయం.

కానీ అది ప్రధానంగా ఆసుపత్రి పడక మీది చికిత్సకే. కొన్ని పెద్ద ఆపరేషన్ల తర్వాత కొంతకాలం చూపించుకోవడం, మందులు కూడా ఉచితమే. 2019 చివర్లో, కోలుకునే రోజులకు దినానికి 225 రూపాయలు ఇచ్చే పద్ధతీ పెట్టారు. అదీ మంచం దిగినవాళ్లకే! మంచాన పడకుండా కాపాడే మాత్రకు మాత్రం ఆ కార్డు పనిచేయదు.

ఆ మధ్య మా అత్తగారి పరీక్షలు, మందుల బిల్లులన్నీ వరసగా పిన్ను కొట్టుకుని, సర్కారు సాయానికి దరఖాస్తు పెడదామని ఒక ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అబ్బాయి అన్నీ తిరగేసి, "డిశ్చార్జి సమ్మరీ ఏదమ్మా?" అన్నాడు. "ఆసుపత్రిలో చేరలేదు బాబూ, చూపించుకుని వచ్చేశాం" అన్నాను. "అయితే కాదమ్మా" అని కాగితాలు నా చేతికిచ్చేశాడు. ఆయన తప్పు ఏమీ లేదు. నిబంధన అట్లా ఉంది. బయటికొచ్చి లెక్క చూసుకుంటే, ఏడాదిలో ఆ చిన్న చిన్న బిల్లులే పదమూడు వేలు దాటాయి!

దేశం మొత్తం మీద ఆరోగ్యానికయ్యే ఖర్చులో 2021–22లో 39.4 శాతం జనం చేతి నుంచే పోయిందని కేంద్ర ప్రభుత్వ లెక్క. 2013–14లో అది 64.2 శాతం. తగ్గింది, సంతోషం. కానీ ఇంట్లో ఆ మిగతా భారం ఎవరి మీద పడుతుంది? ఆడవాళ్ల జబ్బులు చూడండి. థైరాయిడు, రక్తహీనత, బి.పి., మోకాళ్లు. ఇవన్నీ నడుస్తూ, పని చేస్తూ మోసే జబ్బులు. నెలాఖరుకు డబ్బు చాలకపోతే మొదట ఆగేది ఇంటావిడ మాత్రే. మన పడమటి పల్లెల నుంచి సుగ్గికి పోయే ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పోయిన చోట మాత్రలు అయిపోతే ఎవరినడగాలి? బి.పి. మాత్ర మానితే ఒకనాడు పక్షవాతం రావచ్చు. అప్పుడు సర్కారు లక్షలు ఇస్తుంది. ఇది ఏ ఇల్లాలూ వేయని లెక్క.

ఇంకో దారి లేదా అంటే, ఉండేది. 2005లో చేనేతవాళ్లకు కేంద్రం ఒక ఆరోగ్య బీమా పెట్టింది. ఏడాదికి కుటుంబానికి 15,000 రూపాయలు. అందులో 7,500 రూపాయల దాకా ఆసుపత్రిలో చేరకుండా చూపించుకున్న ఖర్చుకే! మగ్గాల ఊళ్లకు అదెంత అవసరమో వేరే చెప్పాలా? ఆ రూపంలో ఆ బీమా ఇప్పుడు లేదు. ఇంగ్లండులో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు మందుల చీటీ రుసుము మాఫీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేల్స్ 2007లో ఆ రుసుమునే తీసేసింది. అంటే ఇది జరగని పని కాదు.

అడగడం మానకూడదు. ఈలోగా మన చేతిలో ఉన్నవి వదులుకోకూడదు. షుగర్, బి.పి. మాత్రలు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ఒక పుస్తకంలో రాయించుకుని నెలనెలా తెచ్చుకోండి. లేవంటే, ఎప్పుడొస్తాయో అడగండి. జనౌషధి దుకాణంలో అదే మందు సగం ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతుంది. చీటీ మీద మందు అసలు పేరు రాయమని డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడకండి. కర్నూలుకో ఇంకో ఊరికో ఆపరేషనుకు పోయేముందు, ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో 104కు ఫోన్ చేసి కనుక్కోండి. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఈవేళే చూసుకోండి. జబ్బు చేశాక చూసుకునే పని కాదది. బిల్లులు, చీటీలు పారేయకండి.

వచ్చేటప్పుడు పిన్నిని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి పేరు రాయించాను. మాత్రలు చేతికొచ్చాయి. "ఇంక దినం ఇడిచి దినం కాదు పిన్నీ, దినామూ" అన్నాను. తల ఊపింది గానీ, ఆ పొట్లంలోంచి సగం తీసి మళ్లీ డబ్బాలో దాచిపెట్టింది. "వచ్చే నెల ఇస్తారో, ఇయ్యరో" అంది.

ఆ అనుమానం తీరేదాకా ఎన్ని లక్షల కార్డులిచ్చినా పని సగమే అయినట్టు.