గోడమీది గొట్టములు దేనికొఱకు?

మన యూరి బజారు వీధిలో నడచుచు కట్టడములను తలయెత్తి చూచువారికి ఒక వింత కనబడును. మిద్దెలపైనుండి క్రిందికి దిగిన గొట్టములు పెక్కు కలవు. కొన్ని నేలలోనికి పోయినవి. కొన్ని నేలకు రెండడుగుల యెత్తున నిలిచిపోయినవి. కొన్ని నడుమ విరిగి ప్రక్కవారి గోడను తడుపుచున్నవి. మరికొన్ని మిద్దెను దాటి పైకి లేచి ఆకాశమును చూచుచున్నవి. “ఇది దేనికి?” అని ఆ కట్టడపు యజమానినే అడిగినచో, “కట్టిననాటినుండి యున్నది” అను మాటయే తరచుగా వినవచ్చును. తన గోడమీది గొట్టము పని తా నెఱుగకుండుట చిన్న విషయమని కొందరు తలపవచ్చును. చిన్న విషయము కాదని మా యభిప్రాయము.

ముందుగా గొట్టముల జాతులను తెలిసికొందము. మిద్దెను దాటి నిలువుగా లేచి, కొనయందు వలమూత గలది సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టము. దుర్వాయువు దానిగుండ మీదికి పోవును. దోమలు రాకుండుటకు వలమూత. వాసన వచ్చుచున్నదని దానికి బిరడా బిగించువారు కలరు. అట్లు చేసినచో ఆ వాయువు ఇంటిలోనికే త్రోవ వెదకికొనును. మిద్దెమీది నీటి తొట్టి అంచునుండి బయలుదేరు సన్నని గొట్టము, తొట్టి నిండినప్పుడు పొర్లుటకు. గోడలోనుండి పొడుచుకొని వచ్చి దిగు లావుపాటివి మరుగుదొడ్లవి, స్నానపు గదులవి. ఇక మిద్దె నేలయందు పల్లపు మూలనుండి బయలుదేరునదే వాన గొట్టము. గొట్టమును నడుమ చూచినచో ఏమియు తెలియదు. మొదలు చూడవలెను, తుద చూడవలెను. అప్పటికిని సందేహము తీరనిచో పల్లపు మూలన ఒక బిందెడు నీరు పోసి, అది యెచ్చట తేలునో కనిపెట్టిన చాలును.

గొట్టములను చూచి జనులు వింతపడుట మన యూరికే చెల్లలేదు. జర్మనీ దేశపు బెర్లిను నగరమున వీధులపైనుండి గులాబి రంగు గొట్టములు వంకరటింకరగా పోవుచుండుటను చూచి యాత్రికులు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. ఆ నగరమున భూగర్భ జలము నేలకు మిక్కిలి దగ్గరగా నుండును. పునాదులు త్రవ్వినచోట ఊరు నీటిని తోడి కాలువలకు చేర్చుటకే ఆ గొట్టములు. పారిసు నగరమున 1977లో తెరువబడిన పాంపిడూ కళాభవనము గొట్టములను దాచక గోడ వెలుపలనే నిలిపి, గాలికి నీలము, నీటికి పచ్చ, విద్యుత్తుకు పసుపు అని రంగులు వేసినది. గొట్టము పని చూడగానే తెలియవలెనన్న సంగతి యందు గ్రహింపదగినది.

మన స్థితి బెర్లినునకు సరిగా విరుద్ధము. అచ్చట నేలనుండి నీటిని తోడి పారవేయుదురు. ఇచ్చట నేలలోనికి నీటిని పంపవలసియున్నది. అందులకే 2003లో తమిళనాడు ప్రభుత్వము అత్యవసర శాసనము చేసి, పాతవియైనను క్రొత్తవియైనను కట్టడములన్నిటికిని వాన నీటి సేకరణమును విధించినది. చేయనివారికి కొళాయి నీరు తెగునని హెచ్చరించినది. “మళైనీర్ సేగరిప్పు” అని గోడలపై పెద్ద అక్షరములు వెలసినవి. గడువు దాటకుండ గొట్టములును వెలసినవి. చెన్నపట్టణమున తరువాతి కొన్ని యేండ్లలో బావుల నీరు పైకి వచ్చినది. కాని గొట్టమును బిగించిన శ్రద్ధ దానిని శుభ్రము చేయుటయందు నిలువలేదు. గుంటలు పూడినవి. 2019 వేసవిలో ఆ నగరపు చెరువు లెండగా, జూలై నెలలో మనకు సమీపమున నున్న జోలార్‌పేటనుండి రైలు బండిలో త్రాగునీరు పంపవలసివచ్చినది. ఏబది తొట్టి పెట్టెలు, ఒక్క ప్రయాణమునకు 25 లక్షల లీటర్లు!

మన యూరి సంగతి చూడుడు. 2024 డిసెంబరు 2వ తేది ఉదయముతో ముగిసిన 24 గంటలలో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన కురిసినది. నిలిపియుంచిన వాహనములు ఆటబొమ్మలవలె కొట్టుకొనిపోయినవి. ఆ నీ రెచ్చటికి పోయినది? పాంబారునకు, దానినుండి దక్షిణ పినాకినికి, సాత్తనూరు ఆనకట్టకు, కడపట కడలూరు దగ్గర సముద్రమునకు.

వర్తకుల మగుటచే లెక్క వేయక యుండలేము. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరు. వేయి చదరపు అడుగుల మిద్దె యనగా ఇంచుమించు 93 చదరపు మీటర్లు. ఆ యొక్క దినమున అట్టి మిద్దెపై పడినది 46,500 లీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వానయని లెక్కించి, అందులో అయిదవ వంతు తరుగు తీసివేసినను, దాదాపు 60,000 లీటర్లు మిగులును. 12,000 లీటర్ల లారీ లెక్కన అయిదు లారీల నీరు! బోరు ఎండినప్పుడు బేరమాడి కొనునది ఈ సరుకునే. ఆకాశము ఉచితముగా పంపిన సరుకును మురుగు కాలువలో దింపుకొను వర్తకుని మనము మెచ్చుకొందుమా?

పరిమాణము మాత్రమే కాదు, గుణము కూడ విచారింపవలెను. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల లోతు బోరులలో పలుచోట్ల ఫ్లోరైడు అధికము. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రామును మించరాదని ప్రమాణము. మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, ఎముకలు బిగిసికొనును, నడుము వంగిపోవును. తెలుగువారి కీ వ్యాధి క్రొత్తది కాదు. 1937లో నెల్లూరు జిల్లాయందు దీనిని గుర్తించి వైద్యులు వ్రాసిరి. నల్లగొండ కష్టము లోకవిదితము. వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు లేదు. అది నేలలో నింకినకొలది బావి నీరు కొంతయైనను పలుచనగును.

“హొగేనకల్ నీరు వచ్చుచున్నది గదా, ఇక గొట్టముల చింత యేల?” అని అడుగువారు కలరు. జపాను దేశపు ఋణసాయముతో నిర్మింపబడి 2013లో ప్రారంభమైన ఆ పథకము రెండు జిల్లాలకును గొప్ప మేలు చేసినది, సందేహము లేదు. కాని అది త్రాగుటకును వంటకును ఉద్దేశింపబడినది. స్నానము, ఉతుకుడు, పశువులు, తోట, ఇల్లు కట్టుట, వీని కన్నిటికిని మన చేయి బోరుమీదికే పోవుచున్నది. కావేరి యందు నీరు తగ్గిన వేసవిలో మన నేలయందలి నీరే మనకు దిక్కు.

“మిద్దె నీరు మురికి కాదా?” అని మరియొక ప్రశ్న. తొలివాన నీటిని బయటికి వదలి, తరువాతి నీటినే గుంటలోనికి త్రిప్పవలెను. గుంట అడుగున పెద్ద రాళ్ళు, వానిపై కంకర, మీద ఇసుక పరచవలెను. ఇసుకను ఏటేట మార్చవలెను. వడపోత లేక గొట్టమును తిన్నగా బోరులో దింపుట మాత్రము కూడదు. అది నీటిని కాపాడుట కాదు, చెఱచుట. మురుగు గొట్టమును వాన గొట్టమని భ్రమించి గుంటలోనికి త్రిప్పినచో కలుగు కీడు చెప్పనక్కరలేదు. గొట్టముల పని తెలిసికొనుడని మేము ఇంతగా నొత్తి చెప్పుట కిదియే కారణము.

మన తాతలకు ఈ బోధ అక్కరలేకుండెను. నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువా ఇండ్లలో చూరునీరు ఎచ్చట పడునో, ఏ గంగాళమున నిండునో పసిబిడ్డలకును తెలియుచుండెను. నీరు కనబడుచుండెను గనుక దాని త్రోవయు తెలియుచుండెను. నేడు అది గొట్టములోపల దాగినది. దానితో తెలివియు దాగినది. ఇన్ని తరములుగా ఈ నేలయందు మన తెలుగు నిలిచినది ఏ చట్టముచేతను కాదు, ఇంటి పెద్దలు పిల్లలకు చెప్పుచు వచ్చుటచేతనే. గొట్టమునకును అదియే న్యాయము. చట్టము గొట్టమును బిగింపగలదు. దాని పనిని తరువాతి తరమునకు చెప్పవలసినది మనమే.

కావున మా సూచనలు ఇవి. ఆశ్వయుజము రాకమునుపే, ఈశాన్యపు వానలకు ముందుగా, ప్రతి కుటుంబమును తన మిద్దె నెక్కి గొట్టముల మొదలును తుదను చూడవలెను. పిల్లలను వెంట తీసికొని పోవలెను. వాన గొట్టమునకు నీలపు రంగు వేసి, “వాన నీరు” అని తెలుగునను తమిళమునను వ్రాయింపవలెను. పూడిన గుంటను త్రవ్వించి రాళ్ళు కడిగించి, ఇసుక మార్పింపవలెను. విరిగిన ముక్కను అతికించుటకు ప్లంబరునకు ఒక పూట కూలియే చాలును. ఈ పని మన సంఘ భవనముతోనే మొదలు కావలెనని మేము కార్యవర్గమును కోరుచున్నాము. పరులకు చెప్పుటకు ముందు మన మిద్దె చక్కనైనచో మాటకు బలము వచ్చును. సభ్యులు తమ తమ ఇండ్ల సంగతిని సంఘమునకు తెలిపినచో, గుంట త్రవ్వించుకొనలేని పేద కుటుంబములకు పదిమందిమి చేరి సాయపడవచ్చును.

వాన మన యెడల లోభము చూపలేదు. దానికి త్రోవ చూపుటయే మన వంతు.