ప్రజాధనంతో పుట్టిన వైద్యం ప్రజలకే దక్కాలి

2024 డిసెంబరులో ప్రపంచ ప్రసిద్ధ వైద్య పత్రిక 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' మన దేశంలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలను వెలువరించింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలకు చెందిన రక్తవ్యాధుల నిపుణులు డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ, ఆయన సహచరులు తీవ్రమైన హిమోఫీలియా-ఎ తో బాధపడుతున్న ఐదుగురికి వైరస్ సాయంతో జన్యుచికిత్స చేశారు. వారి వయస్సు 22 నుంచి 41 ఏళ్లు. చికిత్స తరువాత ఐదుగురినీ గమనించిన కాలాన్ని కలిపి లెక్కిస్తే 81 నెలలు. ఆ కాలంలో వారిలో ఎవరికీ రక్తస్రావ బాధ కలగలేదు. దీనిని విజ్ఞానశాస్త్ర వార్తగా చదివి పక్కన పెట్టడం తగదు. ఇది పేదవారి ఆరోగ్య హక్కుకు సంబంధించిన అంశం.

రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఎనిమిదవ ఫ్యాక్టర్ అనే ప్రోటీను లోపించడమే హిమోఫీలియా-ఎ. సుమారు ఐదు వేల మంది మగశిశువులలో ఒకరికి ఇది వస్తుంది. మోకాళ్లలో, మోచేతులలో పదే పదే రక్తం చేరి కీళ్లు పాడవుతాయి. యుక్తవయస్సు దాటకముందే అవిటితనం ప్రాప్తిస్తుంది. జీవితాంతం ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు తీసుకోవాలి. లోపమున్న జన్యువు సాధారణంగా తల్లి నుంచి కుమారునికి సంక్రమిస్తుంది కనుక మన ఇళ్లలో నింద మొత్తం కోడలి మీదనే పడుతుంది. నిజానికి దాదాపు మూడవ వంతు కేసులలో కుటుంబంలో ఆ వ్యాధి చరిత్రే ఉండదు. జన్యువులో కొత్తగా కలిగిన మార్పుకు ఎవరిని దోషిగా నిలబెట్టగలం?

వెల్లూరులో అనుసరించిన పద్ధతి ఇది. రోగి రక్తం నుంచి మూలకణాలను సేకరిస్తారు. వ్యాధి కలిగించే శక్తిని తొలగించిన లెంటివైరస్‌ను వాహనంగా చేసుకుని, ఎనిమిదవ ఫ్యాక్టర్‌ను తయారుచేసే జన్యువును ఆ కణాలలోకి చేరవేస్తారు. ఆ కణాలను తిరిగి రోగికే ఎక్కిస్తారు. అవి ఎముక మజ్జలో స్థిరపడి, వాటి నుంచి పుట్టే రక్తకణాలు లోపించిన ప్రోటీనును తయారుచేస్తాయి. హెచ్ఐవీ కూడా లెంటివైరస్ కుటుంబానికి చెందినదే. ఈ మాట వినగానే భయం కలగడం సహజం. కానీ ఇక్కడ వైరస్ ఉత్తరం చేరవేసే తపాలా బంట్రోతు మాత్రమే. దానికి శరీరంలో వృద్ధి చెందే సామర్థ్యం ఉండదు. పోలియో చుక్కల విషయంలో వదంతులు మన బస్తీలకు చేసిన హాని చాలు. ఈ విషయంలోనూ అది పునరావృతం కారాదు.

అలాగని దీనిని అద్భుతంగా చిత్రించడమూ సరికాదు. ఐదుగురు అనేది చిన్న సంఖ్య. కణాలను తిరిగి ఎక్కించే ముందు రోగికి తీవ్రమైన కీమోథెరపీ ఇవ్వాలి. దానికి తనవైన ప్రమాదాలున్నాయి. 1999లో అమెరికాలో వేరొక వైరస్‌తో జరిగిన జన్యుచికిత్స ప్రయోగంలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల యువకుడు మరణించాడు. ఆ తరువాత ఫ్రాన్స్‌లో జన్యుచికిత్స పొందిన కొందరు పిల్లలకు రక్త క్యాన్సర్ సోకింది. ఆ చేదు అనుభవాల నుంచే నేటి జాగ్రత్తలు రూపొందాయి. కనుక ప్రయోగాలలో పాల్గొనే పేదవానికి లాభనష్టాలు రెండూ అతని భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, అర్థమయ్యేటట్లు చెప్పి సమ్మతి తీసుకోవాలి. వేలిముద్ర సమ్మతి కాదు.

ధర్మపరమైన సందేహాలకూ సమాధానముంది. రోగానికి చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మక్కా కేంద్రంగా ఉన్న ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి 1998లోనే రోగ నివారణకు, చికిత్సకు జన్యుశాస్త్రాన్ని వినియోగించుకోవడాన్ని సమ్మతించింది. మానవ క్లోనింగును మాత్రం నిషేధించింది.

అసలు అడ్డుగోడ ధర. హిమోఫీలియా-ఎ కు అమెరికాలో 2023లో అనుమతి పొందిన జన్యుచికిత్స ధర అప్పట్లో సుమారు 29 లక్షల డాలర్లు. థలసీమియాకు అంతకుముందు సంవత్సరం అనుమతించిన చికిత్స ధర 28 లక్షల డాలర్లు. వెన్నెముక కండరాల క్షీణత వ్యాధికి ఇచ్చే ఒక్క ఇంజెక్షన్‌కు సుమారు 16 కోట్ల రూపాయలు. మన దేశ అరుదైన వ్యాధుల విధానం కింద లభించే సహాయం 50 లక్షల రూపాయల వరకే. మిగిలిన సొమ్ము కోసం పసిబిడ్డ ఫొటోతో తల్లిదండ్రులు ఊరూవాడా చేయి చాచవలసి వస్తున్నది. జకాత్, సదఖాలు ఆ కుటుంబాలకు ఊరటనిస్తాయి. అయితే దాతల దయ ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాజాలదు.

వెల్లూరు పరిశోధన ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. అమెరికాలోని ఎమోరీ విశ్వవిద్యాలయం సహకారం ఉన్నప్పటికీ, ఈ ప్రయోగానికి భారత ప్రభుత్వ శాస్త్ర, సాంకేతిక మంత్రిత్వశాఖ నిధులు సమకూర్చింది. అగ్గిపెట్టె కొన్న కూలీ చెల్లించిన పన్ను కూడా అందులో ఉన్నది. రేపు ఈ చికిత్స విపణిలోకి వచ్చే నాడు ఏ సంస్థకు తయారీ హక్కు ఇచ్చినా, ధరపై పరిమితిని, ప్రభుత్వ ఆసుపత్రులకు సరఫరాను ఒప్పందంలోనే షరతులుగా చేర్చాలి. ఒప్పందం కుదిరిన తరువాత వినతిపత్రాలు ఇచ్చి ప్రయోజనం లేదు.

వంశపారంపర్య వ్యాధుల ప్రస్తావన రాగానే ముస్లిముల దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లను వేలెత్తి చూపడం కొందరికి అలవాటుగా మారింది. మేనరికం తెలుగునాట అన్ని మతాలలో, అనేక కులాలలో ఉన్న ఆచారం. దానిని ఒక మతానికి అంటగట్టడం అన్యాయం. అయితే అన్యాయపు ఆరోపణకు జవాబు చెప్పినంత మాత్రాన మన కర్తవ్యం తీరదు. భార్యాభర్తలిద్దరూ థలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్తసంబంధీకుల మధ్య పెళ్లి జరిగినప్పుడు ఇద్దరూ వాహకులయ్యే అవకాశం హెచ్చు. ఇరాన్ 1997 నుంచి, సౌదీ అరేబియా 2004 నుంచి వివాహానికి ముందు థలసీమియా పరీక్షను తప్పనిసరి చేశాయి. మన ఖాజీలు, మస్జిద్ కమిటీలు నికాహ్‌కు ముందు ఒక రక్తపరీక్షను ప్రోత్సహించడానికి వెనుకాడనవసరం లేదు. ఫలితం గోప్యంగా ఉండాలి. ఆడపిల్ల సంబంధాలు చెడగొట్టే సాధనంగా అది మారరాదు.

చట్టంలోని లోటునూ గమనించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో హిమోఫీలియా, థలసీమియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నాయి. కానీ అదే చట్టంలోని 34వ సెక్షన్ ప్రభుత్వోద్యోగాలలో కల్పించిన నాలుగు శాతం రిజర్వేషన్ జాబితాలో ఈ రక్తవ్యాధులు లేవు. ధ్రువపత్రం చేతిలో ఉంటుంది, ఉద్యోగ ప్రకటనలో స్థానం ఉండదు. కార్యాలయంలో దస్త్రాలు నడిపిన వానిగా చెబుతున్నాను: గుర్తింపు ఇచ్చి అవకాశం నిరాకరించడం దరఖాస్తు స్వీకరించి బుట్టలో వేయడంతో సమానం.

జన్యుచికిత్స అందరికీ చేరడానికి ఏళ్లు పట్టవచ్చు. ఆలోగా జిల్లా ఆసుపత్రులలో ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు, థలసీమియా వాహక పరీక్షలు నిరంతరం ఉచితంగా లభించాలి. 34వ సెక్షన్‌ను సవరించాలి. ప్రభుత్వ నిధులతో జరిగే ప్రతి పరిశోధనలోనూ ధర షరతును ముందే రాయాలి. ఈ కోర్కెలలో ఏదీ ముస్లిములకు మాత్రమే పరిమితం కాదు. పేదరికం ఎక్కడ అధికమో అక్కడ ఇవి మరింత అవసరం. ఆ జాబితాలో మన బస్తీలు ముందున్నవి గనుక, ఈ కోర్కెల సాధనలోనూ మనమే ముందు నిలవాలి.