గడ్డివామి

ఏటేట యాసంగి వరికోతలు ముగియుసరికి మన పల్లెలలో రెండు దృశ్యములు ప్రక్కప్రక్కనే కానవచ్చుచున్నవి. ఒక మడిలో గృహస్థు ఆలుబిడ్డలతో గూడి గడ్డిని తిరుగవేసి, ఎండనిచ్చి, మోపులు కట్టి, పెరటిలో వామి వేయుచుండును. ప్రక్క మడిలో హార్వెస్టరు కోసి విడిచిన గడ్డికి నిప్పంటించి రైతు దూరముగా నిలిచియుండును. మొదటివాడు వానకాలమునకు పశువుల తిండి దాచుచున్నాడు. రెండవవాడు తన పశువుల నోటికాడి కూడు తానే కాల్చుచున్నాడు.

ఈ రెండవవానిని నిందించుట సులభమే గాని, అతని కష్టమును తెలిసికొనుట మొదటి ధర్మము. కొడవలి కోతనాడు గడ్డి పనలుగా పడెడిది; ఎత్తుట తేలిక. యంత్రపు కోతలో కొయ్యకాలు పొడవుగా నిలుచును, గడ్డి చెదరిపడును. కూలి పెరిగినది, ఇంట చేతులు తగ్గినవి. కావున అగ్గిపుల్లయే అగ్గువ యని అతడు తలపోయుచున్నాడు.

అయినను పంజాబు రైతునకు గల తొందర మనకు గలదా? అచట వరి కోసిన కొన్ని వారములలోనే గోధుమ విత్తవలయును. ఆ తొందరలో కాల్చుట పెచ్చుపెరుగగా, 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఉత్తరాది రాష్ట్రములలో దానిని నిషేధించవలసి వచ్చెను. మనకన్ననో, యాసంగి కోత ఏప్రిలు, మే మాసములలో ముగియును. మరల నాట్లు పడుట తొలకరి తరువాతనే. నడుమ చేను ఖాళీగా నుండును, ఎండ ఉచితముగా కాయును. ఇంతటి వ్యవధి యుండియు కాల్చుటకు మనకు సాకు లేదు.

కాల్చిన నష్టమెంతయో లెక్క చూతము. ధాన్యమెంత పండునో గడ్డియు ఇంచుమించు అంతే వచ్చును. 400 కిలోల గేదెకు దినమునకు సుమారు 10 కిలోల ఎండుమేతకు సరిపడు ఆహారము వలయును. ఒక టన్ను గడ్డి కాలినచో సుమారు 5 కిలోల నత్రజనియు, 25 కిలోల పొటాషును చేను కోల్పోవును. మంట వేడికి పైమట్టిలోని సూక్ష్మజీవులు చచ్చును. పిదప ఆ రైతే ఎరువునకై అంగడికిని, మేతకై పొరుగువాని వామికిని పోవును.

వామి వేయుట మన పెద్దలకు శాస్త్రమే. గడ్డి లోలోపల ఎండవలయును. పచ్చి ఆరకముందే వేసినచో లోపల కాక పుట్టి బూజు పట్టును. మెరకనేలపై రాళ్లో మొద్దులో పరచి, నడుమ ఎత్తుగను అంచులు వాలుగను త్రొక్కుచు పేర్చినచో వాననీరు జారిపోవును. దీనికి నేటి విద్య యొకటి తోడైనది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీట కరిగించి చల్లి, గాలి చొరకుండ 3 వారములు కప్పియుంచినచో దాని సత్తువ హెచ్చును. పిదప కొంతసేపు ఆరబెట్టియే మేపవలయును. ఆరు నెలలలోపు దూడలకు దానిని పెట్టరాదు.

బాటసింగారమును చూడుడు. విజయవాడ రాజమార్గముపై ఎల్బీనగరము, హయత్‌నగరము దాటిన పిమ్మట వచ్చు గ్రామమది. పేరు వినగనే గడ్డియు నన్నమును తలపునకు వచ్చు గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు 2021లో తాత్కాలికముగా అచటికి తరలింపబడెను. మామిడి వచ్చు మాసములును, యాసంగి గడ్డి ఎండు మాసములును ఒక్కటియే. కాయకు మెత్తగా పరచుటకును, మాగవేయుటకును వరిగడ్డియే మన పూర్వుల సాధనము. దానికి మారుగా వచ్చిన కార్బైడును 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి. నగరము చేలను ప్లాట్లుగా మార్చుచు, బీళ్లను మ్రింగుచు తూర్పునకు వచ్చుచున్నది. మేయుటకు బీడు తగ్గినకొలది వామి విలువ పెరుగును గాని తరుగదు. మార్కెట్టు గుమ్మమున నున్న పల్లెకు గడ్డి కాల్చుట యనగా కొనువాని యెదుటనే సరకు కాల్చుట!

ఇక కర్తవ్య మేమి? చెదరిన గడ్డిని చుట్టలు కట్టు బేలరు యంత్రములు నేడు గలవు. చిన్నరైతు ఒక్కడు దానిని కొనజాలడు. గ్రామ సహకార సంఘము కొని బాడుగకీయవచ్చును. భూమిని కౌలున కిచ్చిన ఆసామి గడ్డి కాల్పరాదని షరతు పెట్టి ఊరకుండుట న్యాయము కాదు. ఆ బాడుగలో తానును పాలు పంచుకొనవలయును. పట్టణవాసి సోదరులారా! ఇది పల్లెవారి గొడవయని తలపకుడు. పొగ మీ కన్నులకును తగులును. మేత ధర మీ పాలగ్లాసులోనే తేలును.

మరుసటి కోతకు ఇంకను వ్యవధి గలదు. గ్రామపెద్దలు ఇప్పుడే కూర్చుండి యంత్రము సంగతి తేల్చుకొందురు గాక. ఎండ మనకు ఏటేట వచ్చు భాగ్యము. దానితో గడ్డి నెండబెట్టుకొనుటయో, దానికి మన నిప్పును జోడించి కాల్చుకొనుటయో మన చేతులలోనిదే.