డ్రిల్లింగ్ మిషన్ రాకముందే మన నీళ్ల లెక్క రాసుకుందాం

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది. చివరి దాకా చదివి, మీ మీ తండా, గూడెం, పెంట వాళ్లకు కూడా చెప్పండి.

మనలో చాలామందిమి సికింద్రాబాద్ హాస్టళ్లలో, అద్దె రూముల్లో ఉండి చదువుకుంటున్నోళ్లమే. పొద్దున్నే నల్లా తిప్పుతాం, నీళ్లొస్తాయి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయని ఎప్పుడన్నా ఆలోచించినమా? జంట నగరాలకు వచ్చే నీళ్లలో పెద్ద వాటా కృష్ణదే. నాగార్జునసాగర్ వెనుక నీళ్లను నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయరుకు ఎత్తిపోసి, అక్కడి నుంచి నగరానికి తెస్తారు. ఆ అక్కంపల్లికి దగ్గర్లోనే లంబాపురం, పెద్దగట్టు ఉన్నాయి. లంబాడీ తండాలున్న నేల అది. అక్కడ యురేనియం ఉందని యురేనియం కార్పొరేషన్, అంటే యూసీఐఎల్, గనికి ప్రతిపాదన పెట్టింది. 2003 ఆగస్టులో పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే మనోళ్లు వద్దని గట్టిగా చెప్పారు. శుద్ధి కర్మాగారాన్ని మల్లాపురం నుంచి దేవరకొండ వైపు శేరిపల్లికి మారుస్తామన్నారు. ఇప్పటిదాకా ఆ గని తెరుచుకోలేదు. తండా వాళ్లు ఆరోజు కొట్లాడింది తమ బావుల కోసమే కాదు, మనం ఈరోజు తాగుతున్న గ్లాసు నీళ్ల కోసం కూడా.

తర్వాత వంతు నల్లమలది. మనం బస్సులో రోజూ దాటిపోయే బేగంపేటలోనే అణు ఖనిజాల డైరెక్టరేట్, ఏఎండీ, కేంద్ర కార్యాలయం ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో దాదాపు 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు ఈ సంస్థ అనుమతి అడిగింది. 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటల్లో భయం మొదలైంది. సేవ్ నల్లమల అని ఊళ్లూ, నగరమూ కలిసి లేచాయి. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మనం గెలిచినం.

కానీ గెలిచినం గదా అని ఊరుకునే కాలం కాదిది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నది దాని సారాంశం. పెద్దగట్టు తండా వాళ్లకు మైకు ముందు నిలబడి వద్దు అని చెప్పే అవకాశమన్నా దొరికింది. రేపు మనకు అది కూడా దొరక్కపోవచ్చు. అందుకే ఈ పోస్టు.

అసలు ప్రమాదం ఎక్కడుందో ముందు అర్థం చేసుకుందాం. యురేనియం గని అంటే చాలామంది తవ్వకం గురించే మాట్లాడతారు. తవ్విన తర్వాత మిగిలేదే అసలు సమస్య. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో టన్ను రాయిని పిండి చేస్తే అరకిలో యురేనియం కూడా రాదు. రోజుకు 3 వేల టన్నుల రాయిని శుద్ధి చేసేలా ఆ కర్మాగారాన్ని కట్టారు. అంటే దాదాపు మొత్తం రాయి, సోడా రసాయనాలు కలిసిన బురదగా మారి టెయిలింగ్ పాండ్‌కు చేరుతది. చెరువు అనగానే మన ఊరి చెరువు అనుకోవద్దు, అది వ్యర్థాల గుంత. ఖనిజంలో ఉండే రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఈ బురదలోనే మిగిలిపోతది. అందులోని రేడియం సగం కావడానికే 1,600 ఏళ్లు పడుతుంది. కంపెనీ లీజు కొన్ని పదుల ఏళ్లది. మరి ఆ గుంతకు కాపలా ఎవరు?

తుమ్మలపల్లె గని, కర్మాగారం 2012లో మొదలయ్యాయి. టెయిలింగ్ పాండ్ పక్కనున్న కేకే కొట్టాల రైతులు కొన్నేళ్లకే మా బోరు నీళ్లు మారిపోయాయి, అరటి తోటలు దెబ్బతిన్నాయి, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయి అని మొత్తుకున్నారు. గుంత అడుగున నీళ్లు ఇంకకుండా పాలిథిన్ పొర పరవాలన్న షరతు పాటించలేదని మన తార్నాకలోని ఐఐసీటీలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త డాక్టర్ కె.బాబూరావు కాలుష్య నియంత్రణ మండలికి లేఖలు రాశారు. యూసీఐఎల్ ఏమంది? ఆ నేలలో యురేనియం సహజంగానే ఉంది, నీళ్లలోకి అక్కడి నుంచే వచ్చింది, మా గుంత నుంచి కాదు అంది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. యురేనియం ఉన్న నేల కాబట్టే అక్కడ గని పెట్టారు. అలాంటి చోట భూగర్భ జలాల్లో కొంత యురేనియం ముందు నుంచీ ఉండొచ్చు, అది అబద్ధం కాదు. కానీ ఎంత ఉండేది? గని రాకముందు ఆ రైతు బోరులో ఎంత, ఇప్పుడు ఎంత? ముందటి లెక్క రైతు చేతిలో లేదు. లెక్క లేనోడి మాటకు విలువ లేకుండా పోయింది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్టు, నీళ్లు పాడయ్యాక పరీక్షలకు పరుగెత్తాల్సి వచ్చింది.

ఇది తుమ్మలపల్లె ఒక్కదాని కథ కాదు. జార్ఖండ్‌లోని జాదుగూడలో సంతాల్, హో ఆదివాసుల ఊళ్ల పక్కన 1960ల నుంచి ఇదే పని నడుస్తోంది. 2006 డిసెంబరులో అక్కడ వ్యర్థాల పైపు పగిలి బురద వాగులో కలిసింది. అమెరికాలోని చర్చ్ రాక్‌లో 1979 జులైలో టెయిలింగ్ పాండ్ కట్ట తెగి, సుమారు 35 కోట్ల లీటర్ల విషపు నీళ్లు నవాహో ఆదివాసులు వాడుకునే ప్యూర్కో నదిలోకి పోయాయి. దేశం ఏదైనా గుంత మాత్రం ఆదివాసీ ఇంటి పక్కనే ఉంటది.

దేశానికి కరెంటు వద్దా, అభివృద్ధి వద్దా అని మనల్ని అడుగుతారు. కాలేజీలో మన పక్కన కూర్చునే మిత్రులే అడుగుతారు. వాళ్ల మీద కోపం వద్దు. కరెంటు అందరికీ కావాలి. అయితే కరెంటు అందరిదీ, బురద మాత్రం మాదీ అంటే అది న్యాయం కాదు. నీళ్లకు ఏమీ కాదని అంత నమ్మకముంటే, ఆ మాట రుజువు చేసే బాధ్యత కంపెనీ మీద ఉండాలి, కూలికి పోయే మా అమ్మానాన్నల మీద కాదు.

అందుకే మేము అనుకుంటున్నది ఒక్కటే. అమ్రాబాద్ నుంచి దేవరకొండ దాకా మన ప్రతి ఊరికీ ఒక నీళ్ల పుస్తకం ఉండాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మనమే మొదలుపెట్టొచ్చు. ఊళ్లో తాగే బావి, బోరు, చెలమ, వాగు అన్నీ రాయాలి. బోరు లోతు, ఫోనులో లొకేషన్, తేదీ, ఫొటో ఉండాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనక్కి పోయాక ఒకసారి నమూనా తీయాలి. బోరును కాసేపు నడవనిచ్చి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి పట్టాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి, మనం కొనే టీడీఎస్ మీటరు యురేనియాన్ని చూపించదు. నీళ్లు మరిగించినా అది పోదు. ప్రయోగశాలలోనే తెలుస్తది. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనలో కెమిస్ట్రీ, జియాలజీ చదివేటోళ్లు ఉన్నారు. మీ డిపార్ట్‌మెంట్లలో సార్లను, మేడమ్‌లను అడగండి. ప్రభుత్వం చేసిన పాత పరీక్షల ఫలితాలకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం.

ఆ పుస్తకాన్ని గ్రామసభ ముందు పెట్టి తీర్మానం రాయించాలి. గ్రామసభ మాటకు బలం లేదనుకోవద్దు. ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు 2013లో గ్రామసభలను అడగమంటే, 12కు 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. డోంగ్రియా కోందుల కొండ నిలిచింది.

చెంచు తాత అడవిలో ఏ ఊట ఏ నెలలో ఎండుతదో కాగితం లేకుండా చెప్తాడు. ఆ తెలివి మన దగ్గర మొదటి నుంచీ ఉంది. ఆఫీసుల్లో మాత్రం కాగితమే అడుగుతారు. చదువుకున్నోళ్లం మనం, ఆ కాగితం రాసి పెట్టడం మన పని. వచ్చే సెలవులకు ఎవరు ఏ ఊరు తీసుకుంటారో కింద కామెంట్లో రాయండి.

జల్, జంగల్, జమీన్ అన్నప్పుడు మొదటి మాట నీళ్లే. జోహార్.