ఇల్లెక్కడ, పనెక్కడ?

మన రాష్ట్రంలో ఇళ్ళ పథకాలకు ఆడవాళ్ళ పేర్లు పెట్టడం పాత ఆనవాయితీ. 1985-86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరమ్మ వచ్చింది. 2015లో వచ్చిన రెండు పడక గదుల ఇళ్ళకు ఆడపేరు లేదు గానీ, అదే ప్రభుత్వం 2023లో దిగిపోయేముందు గృహలక్ష్మిని తెచ్చింది. 2024 జనవరిలో అది రద్దయింది. మార్చి 11న భద్రాచలంలో మళ్ళీ ఇందిరమ్మ. పథకానికి ఆడపేరు పెడితే ఇల్లు ఆడమనిషిదైపోయినట్టేనన్న తృప్తి మన పాలకుల్లో వున్నట్టుంది. పట్టా ఆమె పేరు మీదే ఇస్తున్నాం కదా అంటారు. నిజమే, ఇస్తున్నారు. అది స్త్రీలు అడగ్గా అడగ్గా వచ్చింది, తీసిపారేయవలసింది కాదు. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. అయినా ఊళ్ళల్లో భూమి కాగితం మీద ఆడపేరు కనబడ్డం అరుదే. అలాంటి చోట ఇంటి పట్టా మీద ఆమె పేరుండడం ఒక అడుగు.

ఇప్పుడు మనం అడగవలసింది దాని తర్వాతి ప్రశ్న. ఆ పేరున్న మనిషి పని ఎక్కడ చేస్తోంది? ఆమె పనికీ ఆమెకిచ్చిన ఇంటికీ మధ్య వున్న దూరానికి ఏ ఆఫీసు జవాబుదారీ?

నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నప్పుడు పాత జిల్లాల లెక్కలోనే మాట్లాడుతున్నాం. 2016 అక్టోబరులో మొదలైన విభజనల తర్వాత అవి ఎనిమిది జిల్లాలయ్యాయి. కొన్ని మండలాలు రంగారెడ్డిలోకీ వికారాబాద్‌లోకీ పోయాయి. పటం మీద గీతలు మారినా బతుకుతెరువు దారులు మారలేదు. ఆ దారుల్లో అన్నిటికంటే పాతది వలస. పాలమూరు లేబర్ అన్న మాట ఈ దేశంలో ఆనకట్టలు కట్టిన చోటల్లా తెలుసు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపుని తీసుకుపోయే ఆ పద్ధతిలో మొగుడూ పెళ్ళాం కలిసి ఒక జత. అడ్వాన్సు మగమనిషి చేతికి వస్తుంది, అప్పు ఇద్దరి మీదా పడుతుంది. పనిచోట ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెలో కాపురం. తెల్లారకముందే చీకట్లో బయటికి పోయి రావలసిన అవసరం ఆడవాళ్ళదే.

దీనికి చట్టాలు లేకపోలేదు. కాంట్రాక్టరే తగిన నివాసం చూపించాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం ఇంకా వివరంగా వుంది: పనిస్థలంలోనో దానికి దగ్గర్లోనో ఉచితంగా తాత్కాలిక వసతి, వంటకూ స్నానానికీ మరుగుదొడ్డికీ వేరువేరు చోట్లు, యాభైమందికి మించి ఆడకూలీలుంటే పసిపిల్లలకు గది. ఈ రెండూ 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయాయి. కలిసిపోయేలోగా వాటిని అమలు చేసిన పనిచోట్లు ఎన్నున్నాయో దీపం పట్టుకుని వెతకాలి.

ఇక సొంత ఊళ్ళో మంజూరైన ఇంటి సంగతి. ఇందిరమ్మ ఇంటికి అయిదు లక్షలు. ప్రకటించిన పద్ధతి ప్రకారం బేస్‌మెంటు పూర్తయితే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతిక వేలు, స్లాబు పడితే లక్షా డెబ్బయి అయిదు వేలు, అంతా అయిపోయాక చివరి లక్ష. అంటే మొదటి రూపాయి రావాలన్నా బేస్‌మెంటు ముందే లేచి వుండాలి. అది ఎవరి డబ్బుతో లేస్తుంది? చేతిలో డబ్బు లేకే కదా ఇల్లు అడిగింది! మహిళా సంఘాల ద్వారా అప్పు ఇప్పించే ఏర్పాటు చేశామంటారు. సంఘం అప్పు ఆడమనిషి పేరున వుంటుంది, కట్టకపోతే తోటి సభ్యుల ముందు తల వంచుకోవలసిందీ ఆవిడే. సంఘంలో పుట్టకపోతే మైక్రోఫైనాన్సు వుంది. 2010లో ఆత్మహత్యల తర్వాత తెచ్చిన చట్టం వాళ్ళను కొన్నేళ్ళు ఆపింది. రిజర్వు బ్యాంకు కింద నమోదైన సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో హైకోర్టు చెప్పాక ఆ తలుపూ తెరుచుకుంది. అదీ కాకపోతే మేస్త్రీ వున్నాడు. అడ్వాన్సు తీసుకుని బేస్‌మెంటు వేస్తే, ఆ అడ్వాన్సు తీర్చడానికి ఊరు విడవాలి. గోడల ఫోటో దిగాలంటే ఊళ్ళోనే వుండాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు ఈ చిక్కుముడిని చూసి అనలేదు గానీ, చూసివుంటే పెళ్ళి సంగతి వదిలేసేవాళ్ళు.

సొంత జాగా వున్నవాళ్ళ కష్టం ఇది. దరఖాస్తులను మూడు జాబితాలు చేసి, మొదటి జాబితాలో ఇల్లు లేకపోయినా స్థలం వున్నవాళ్ళను, రెండోదాంట్లో స్థలమూ ఇల్లూ రెండూ లేనివాళ్ళను పెట్టారు. మొదటి విడత మొదటి జాబితాకే. స్థలం లేని ఆడవాళ్ళెవరు? పుట్టింటి జాగా అన్నదమ్ములది, అత్తింటి జాగా మొగుడిది. అతను వదిలేస్తే ఆమె నేరుగా రెండో జాబితాలోకి దిగుతుంది. ఆపైన రేషన్ కార్డు. విడిపోయిన స్త్రీ పేరు మొగుడి కార్డులోనో తండ్రి కార్డులోనో ఇరుక్కుపోయి వుంటుంది. ఏళ్ళ తరబడి కొత్త కార్డులే లేవు. 2025 జులైలో సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది, మంచిదే. అయితే 2017 నుంచి ఒంటరి స్త్రీలకు పెన్షన్ ఇస్తున్న రాష్ట్రం ఇది. వాళ్ళ పేర్లు ప్రభుత్వం దగ్గర ఊరూరికీ వున్నాయి. ఆ జాబితా తీసి ఇళ్ళ జాబితా పక్కన పెట్టి చూడ్డానికి కొత్త సర్వే అక్కర్లేదు. ఒక గుమాస్తా, ఒక రోజు చాలు.

ఇంతవరకూ ఊరి సంగతి. హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ వైపు వచ్చే జాతీయ రహదారి మీద పరిస్థితి వేరు. కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల దాకా ఫ్యాక్టరీలు. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలున్నాయి. ఆ భూములు పోగొట్టుకున్న కుటుంబాల పోరాటం మన పాఠకులకు గుర్తుండే వుంటుంది. అప్పుడు ఎకరాల లెక్క జరిగింది, రాయితీల లెక్క జరిగింది. రేపు అందులో పనిచేసేవాళ్ళు ఎక్కడ పడుకుంటారన్న లెక్క మాత్రం జరగలేదు. ఇవాళ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒక్కో గదిలో నలుగురయిదుగురు చొప్పున కిరాయికుండే అమ్మాయిలను చూస్తే అది తెలుస్తుంది. మగపిల్లలకైతే ఎవరైనా గది ఇస్తారు. ఆడపిల్లలకు ఇచ్చేముందు షిఫ్టు వేళలు అడుగుతారు, కులం అడుగుతారు, ఎవరెవరు వచ్చి పోతారో అడుగుతారు. ఈ ప్రశ్నలు నాకూ ఎదురయ్యాయి. పీహెచ్‌డీ పని మీద ఒక జిల్లా కేంద్రంలో గది కోసం తిరిగిన రోజుల్లో, కిరాయి ఎంతో తెలుసుకునే లోపల "మీవారు ఎప్పుడొస్తారు?" అన్న ప్రశ్నకు మూడు ఇళ్ళల్లో జవాబు చెప్పాను. నాలుగో ఇంట్లో పెళ్ళయిందని అబద్ధం చెప్పి గది తీసుకున్నాను. చదువూ ఇంగ్లీషూ వున్న మనిషికి అబద్ధం ఒక సౌకర్యం. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే అమ్మాయికి ఆ సౌకర్యం కూడా లేదు.

కిరాయికుండలేనివాళ్ళు రోజూ ఊరి నుంచి తిరుగుతారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేకపోవడం వాళ్ళకు పెద్ద ఊరట. దాన్ని వెక్కిరించేవాళ్ళు ఒక నెల ఆడకూలీ ఆటో ఖర్చు కట్టి చూడాలి. కానీ రాత్రి పది దాటాక ఊరికి బస్సుండదు. పనికి దగ్గర ఇల్లు లేని లోటును బస్సు పగలు మాత్రమే పూడుస్తుంది.

కృష్ణ ఒడ్డున దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగింది. బీహారు నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ వచ్చిన కూలీలు దాన్ని రేకుల షెడ్లలో వుండి కట్టారు. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో మూటలు మోసేవాళ్ళల్లోనూ బీహారీలు వున్నారు. పాలమూరు మనిషి బయట ఎలా వుంటున్నాడో అడిగే మనం, మన గడపకు వచ్చిన మనిషి ఎలా వుంటున్నాడో అడగం. ఆ షెడ్ల వల్ల చుట్టుపక్కల తండాల ఆడపిల్లలకు భయమని మన సమావేశాల్లోనే వింటుంటాం. భయం నిజమే కావచ్చు. కుటుంబంతో వుండే వీలు లేకుండా వందలమంది మగవాళ్ళను ఒకచోట కుక్కినవాళ్ళను అడగవలసిన మాట, ఆ మగవాళ్ళ భాష మీదికీ రాష్ట్రం మీదికీ పోకూడదు.

ఇల్లే పనిచోటైన వాళ్ళ సంగతి మరీ విచిత్రం. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, ఇటు నారాయణపేట, గద్వాల. నేతపనిలో మగ్గం మీద కూర్చున్న మగమనిషి ఒక్కడే కనిపిస్తాడు. కండెలు చుట్టేదీ, చిటికి కట్టేదీ, ఆసు పోసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోవడం చూసి యంత్రం చేసిన చింతకింది మల్లేశం పాత నల్లగొండ జిల్లా శారాజీపేట వాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇంటి నమూనా గీసిన ఇంజనీర్లు మాత్రం ఆ తల్లి ఎక్కడ కూర్చుని ఆసు పోసేదో ఆలోచించలేదు. ఇందిరా ఆవాస్ ఇల్లు ఇరవై చదరపు మీటర్లు, దాని తర్వాత 2016లో వచ్చిన కేంద్ర పథకంలో ఇరవై అయిదు. ఇందిరమ్మ ఇల్లు నాలుగు వందల నుంచి ఆరు వందల చదరపు అడుగులు. గుంత మగ్గం దిగితే పడక లేదు, పడక వేస్తే మగ్గం లేదు. పెంచి కట్టుకుంటే కొలత దాటిందని బిల్లు ఆగుతుంది.

ఇక ఎవరిని అడగాలి? ఇల్లు జిల్లా హౌసింగ్ పి.డి. చేతిలో, జాగా తహసీల్దారు చేతిలో. నీళ్ళు మిషన్ భగీరథవి, మురుగుకాలవ పంచాయతీది లేదా మునిసిపాలిటీది. ఫ్యాక్టరీ స్థలం పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థది. కార్మికులు లేబర్ ఆఫీసరు లెక్క, బస్సు డిపో మేనేజరు లెక్క. వీళ్ళంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక ఊరి గురించి మాట్లాడిన రోజు లేదు. కట్టిన రెండు పడక గదుల ఇళ్ళు ఎన్నో చోట్ల నీళ్ళూ కరెంటూ రాక తాళాలతో ఏళ్ళు గడిపింది ఇందుకే. గృహనిర్మాణ శాఖనే 2023లో రోడ్లు భవనాల శాఖలో కలిపేసి, ప్రభుత్వం మారాక మళ్ళీ నిలబెట్టారు.

రాజ్యాంగం దీన్ని ఇలా వదిలేయలేదు. 73వ సవరణ గ్రామీణ గృహనిర్మాణాన్ని పంచాయతీల పనుల్లో చేర్చింది. 74వ సవరణ పంచాయతీల ప్రణాళికలనూ పట్టణాల ప్రణాళికలనూ కలిపి చూడ్డానికి జిల్లా ప్రణాళికా కమిటీ వుండాలంది. ఊళ్ళో వుండి పట్నంలో పనిచేసే మనిషి కోసమే పుట్టినట్టున్న కమిటీ అది. కాగితం మీద నిద్రపోతోంది. దాన్ని లేపి, ఇళ్ళ బాధ్యత పేరుపెట్టి ఒక అధికారికి అప్పజెప్పాలని మేము కోరుతున్నాం. ఆ అధికారి దగ్గర ఎన్ని ఇళ్ళు కట్టామన్న లెక్కతో పాటు ఎవరు ఎక్కడ పనిచేస్తూ ఎక్కడ పడుకుంటున్నారన్న లెక్క కూడా వుండాలి. కొత్త పారిశ్రామిక వాడకు భూమి ఇచ్చే కాగితంలోనే కార్మికుల కిరాయి ఇళ్ళకు జాగా రాయాలి.

తమిళనాడు ఇలాంటిది ఒకటి చేసింది. శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగల్‌లో ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ 18,720 మంది పట్టే వసతి గృహాలను కట్టి 2024 ఆగస్టులో ప్రారంభించింది. అవి ఫాక్స్‌కాన్‌లో పనిచేసే అమ్మాయిల కోసం. ఊరికే రాలేదది. 2021 డిసెంబరులో హాస్టల్ తిండి తిని జబ్బుపడిన అమ్మాయిల కోసం తోటివాళ్ళు చెన్నై-బెంగళూరు రహదారి మీద కూర్చున్నాక వచ్చింది. అదే కంపెనీకి మన పక్కన కొంగరకలాన్‌లో 2023లో శంకుస్థాపన జరిగింది. వసతి ఎవరు కడతారో ఇప్పుడే అడగాలి. అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. హాస్టల్ గేటు తాళం కంపెనీ చేతిలో వుంటే, యూనియన్ మీటింగుకు పోయిన రాత్రి ఆ అమ్మాయి మంచం కూడా పోతుంది. వసతి నడిపేది యజమాని కాకూడదు, స్థానిక సంస్థ కావాలి. పిల్లలున్న ఒంటరి తల్లికి కూడా అందులో చోటుండాలి. 1972-73 నుంచీ నడుస్తున్న కేంద్రం వారి ఉద్యోగినుల హాస్టళ్ళ పథకం ఇప్పుడు సఖీ నివాస్ అయింది. 2024లో వచ్చిన పట్టణ గృహ పథకంలో కిరాయి ఇళ్ళకు వేరే భాగమే వుంది. అడిగే మునిసిపాలిటీ కావాలి.

2025 డిసెంబరు ఎన్నికల తర్వాత మన ఊళ్ళల్లో సర్పంచు స్థానాల్లో సగం ఆడవాళ్ళవి. ఊరి ఇందిరమ్మ కమిటీకి సర్పంచే అధ్యక్షురాలు, మహిళా సంఘాల నుంచి ఇద్దరు సభ్యులుండాలి. ఎవరి మొగుళ్ళు ఎవరి కుర్చీలో కూర్చుంటున్నారో మనకు తెలుసు. అందుకే రెండు జిల్లాల కార్యకర్తలను ఒకటి కోరుతున్నాం. కమిటీ కూర్చునే రోజున వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి: మనిషి పేరు, రాత్రి ఎక్కడ పడుకుంటోంది, పని ఎక్కడ, ఎలా వస్తోంది, ఎంత కిరాయి, జాగా ఎవరి పేరున, ఇంటి కోసం ఎవరి దగ్గర ఎంత అప్పు. వలస పోయినవాళ్ళ పేర్లు ముందు రాయండి, లేకపోతే లేనివాళ్ళ కింద కొట్టేస్తారు. జడ్చర్ల, దామరచర్ల మండలాలతో మొదలుపెడదాం. నింపిన కాగితాలు ముందుగా అందితే వచ్చే సంచికలోనే వేస్తాం.